చినుకు తగలని కారు

ఫ్రాన్సు పేరెత్తితే చాలు, సుబ్బరాజు అంకుల్‌కి ఒళ్లు మండిపోతుంది. ఆ శనివారం ఇంగ్లండులోని బ్రాక్‌నెల్‌లో ఆయన ఇంటి వెనక గార్డెన్‌లో టీ తాగుతూ మళ్లీ మొదలెట్టాడు. మర్నాడు అందరూ ఆయన బండిలోనే పారిస్ బయల్దేరాలి. నడిపేది తనేనని ఆయన పట్టు. షెఫీల్డ్ నుంచి వచ్చిన స్టూడెంటు కావ్యశ్రీకి మాత్రం ఆ మాట మింగుడుపడలేదు. ఇక్కడి రౌండబౌట్లోనే వెనకవాళ్లచేత హారన్లు కొట్టించుకునే మనిషి, అక్కడ రోడ్డుకి కుడిపక్కన ఎలా పోనిస్తాడు?

"పోయిన వేసవిలో నన్నాపారయ్యా, దారిలో బండి ఆగిపోతే తొడుక్కునే పసుప్పచ్చ జాకెట్టేదని. డిక్కీలో ఉందన్నాను. తప్పట. కారు దిగేముందే తొడుక్కోవాలట. మరి డిక్కీలోంచి తియ్యాలంటే దిగొద్దా? ఇదేం రూలని అడిగితే ఆ పోలీసు నోరు మెదిపితే ఒట్టు."

"తెలుగులో అడిగారేమో అంకుల్," అన్నాడు పక్కింటి లోకేష్.

"ఏ భాషలో అడిగితే ఏంటయ్యా, న్యాయం న్యాయమే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మోటర్‌వే మీద గంటకి నూటముప్పై కిలోమీటర్లు పోవచ్చు, వాన పడితే నూటపదే. వాన పడింది. వానకి భయపడి నేనెందుకు తగ్గాలి? చినుక్కీ చినుక్కీ మధ్య సందు చూసుకుని పోనిచ్చాను. మళ్లీ ఆపారు. ముట్టుకు చూడండయ్యా అన్నాను. బానెట్ మీద వేలు రాస్తే దుమ్ము లేచింది."

ఆయన భార్య సులోచన ఆంటీ బజ్జీల పళ్లెం అందరి ముందుకీ జరిపింది.

"అక్కడితో వదిలారా? టోల్ గేటు దగ్గర ఆగి చీటీ తీసుకోవాలట. దర్జాగా పోయేవాణ్ణి ఎందుకాగాలి? అదే స్పీడులో కిటికీలోంచి ఇలా చెయ్యి చాపి లాగేశాను." అంకుల్ ఎడంచెయ్యి బారుగా చాపి చూపించాడు. "చీటీతో పాటు మిషను కూడా ఊడొచ్చింది, బోల్టులతో సహా. పది మైళ్లు చేత్తోనే పట్టుకుపోయి, సర్కారు సొమ్ము మనకెందుకని తిరిగొచ్చి దాని చోట్లో బిగించాను."

కావ్యశ్రీ కప్పు కింద పెట్టింది.

"మీ చెయ్యేనా అంకుల్? ఆంటీది కాదు కదా?"

"ఈ చెయ్యే. మీ ఆంటీకి అంత ధైర్యమెక్కడిదమ్మా?"

"మరి మన బండికి స్టీరింగు కుడివైపు. అక్కడి టోల్ మిషన్లు ఎడమవైపు. మీ చెయ్యి అందిందంటే మీరు ఎడమ సీట్లో ఉన్నట్టు. అప్పుడు బండి నడిపిందెవరు?"

అందరూ ఆంటీ వైపు తిరిగారు. అంకుల్ చాపిన చెయ్యి చాపినట్టే ఉండిపోయింది.

ఆంటీ ఆ చేతిలో ఒక బజ్జీ పెట్టింది.

"జాకెట్లన్నీ సీట్ల దగ్గరే పెట్టానండీ. చీటీలు ఈసారి కూడా మీరే తీద్దురుగాని," అని, బల్ల మీది బండి తాళాలు తీసుకుని నడుం దగ్గర దోపుకుంది.