చైనీస్ మాస్టారి ఒప్పుకోలు

సభకు అధ్యక్షత వహించిన మన విద్యా ట్రస్టు ఛైర్మన్ గంగారాం గారికి, ముప్పై ఒక్క ఏళ్ల ఉద్యోగంలో నేను అడిగిన రోజున ఒక్కసారి కూడా సెలవు ఇవ్వకుండా ఇవాళ అడగకుండానే పూర్తిగా ఇచ్చేస్తున్న ప్రిన్సిపాల్ స్వరాజ్యం గారికి, సాటి ఉపాధ్యాయులకు, ఒక పూట మగ్గాలు ఆపుకొని వచ్చిన తల్లిదండ్రులకు, వంటల వాసన వస్తున్న తలుపు వైపే చూస్తున్న విద్యార్థులకు, ముందు వరసలో కూర్చుని నేను ఎంతసేపు మాట్లాడతానో వాచీ పెట్టి లెక్కేస్తున్న మా విశాలాక్షికి, అందరికీ నమస్కారం.

నాకంటే ముందు మాట్లాడిన ఐదుగురూ నన్ను పొగిడారు. ఒకరు నన్ను చైనీస్ పండితుడన్నారు, ఇంకొకరు సూరత్ తెలుగువారిలో చైనీస్ చదువుకు నేనే ఆద్యుణ్ణి అన్నారు. వారికి చైనీస్ రాదు కాబట్టి ఆ మాటలు కాదనే ఆధారం వారి దగ్గర లేదు. నా దగ్గర ఉంది. (నవ్వులు) గంగారాం గారు ఇంకో అడుగు ముందుకు వేసి, పదవీ విరమణ అయినా సరే, సార్‌ను ఇంకో రెండేళ్లు చైనీస్‌కు మాత్రం ఉంచుకుంటామని ఇందాక ఈ మైకులోనే ప్రకటించారు. మీరంతా చప్పట్లు కొట్టారు. మా ఆవిడ కొట్టలేదు. ఈ రెండేళ్ల సంగతి తేల్చడానికే నేను లేచాను గనుక, అన్నం కాస్త ఆలస్యమైనా ఓపిక పట్టమని పిల్లలను కోరుతున్నాను.

నేను ఈ బడిలో చేరింది తెలుగు మాస్టారుగా. మా నాన్నగారు రైల్వేలో పనిచేస్తూ ఇక్కడికి బదిలీ అయ్యారు, నేను ఇక్కడే పాతుకుపోయాను. తొమ్మిదేళ్ల కిందట తెలుగు తీసుకునే పిల్లలు తరగతికి ఏడుగురికి పడిపోయినప్పుడు, ట్రస్టు మీటింగులో గంగారాం గారు లేచి ఒక మాట అన్నారు. "మన షెడ్లల్ల మిషన్లన్నీ చీనావే. పానెల్ మీద ఎర్రగ ఏదన్న వస్తే ఏందో మనకు తెల్వది. మన పిల్లలకు జర ఆ బాస నేర్పిస్తే ఎట్లుంటది?" అని. ఆలోచన బ్రహ్మాండంగా ఉందని అందరూ అన్నారు. మరి నేర్పేదెవరని స్వరాజ్యం గారు అడిగారు. అప్పుడు గంగారాం గారు నా వైపు తిరిగి, "సార్ ఖాళీగనే ఉన్నడు గద. తెలుగుల గన్ని అక్షరాలు యాద్ పెట్టుకున్నోడికి ఇంకొన్ని యాద్ పెట్టుకునుడు ఏం కష్టం?" అన్నారు. ఆ తర్కంలో లోపం వెతకడానికి నాకు రెండు రోజులు పట్టింది, ఈలోగా టైంటేబుల్ అచ్చయిపోయింది.

అలా యాభై ఒకటో ఏట నన్ను ఉపాధ్యాయ శిక్షణకు పంపారు. మూడు నెలలు కంప్యూటర్ ముందు, పది రోజులు ముంబయిలో. ఆ పది రోజుల్లో అందరూ పాతికేళ్ల వాళ్లే, నన్ను చూసి మొదటిరోజు వాళ్లు లేచి నిలబడ్డారు, శిక్షణ ఇచ్చేవాణ్ణి అనుకుని. అక్కడ నేర్పిన ముఖ్యసూత్రం ఏమిటంటే, భాషా తరగతిలో ఉపాధ్యాయుడు తక్కువ మాట్లాడాలి, విద్యార్థులు ఎక్కువ మాట్లాడాలి. నాకు ఆ సూత్రం చాలా నచ్చింది. దాన్ని నా అంత నిష్ఠగా పాటించినవారు ఆ బ్యాచిలో లేరు, ఎందుకంటే నేను మాట్లాడగలిగింది మొత్తం పదిహేను నిమిషాల్లో అయిపోయేది. (నవ్వులు) మిగతా సమయం పిల్లలు మాట్లాడేవారు. పిల్లలంటే, నిజం చెప్పాలంటే, ఒక్క అమ్మాయి.

ఆ అమ్మాయి పేరు సుమన. అప్పుడు ఏడో తరగతి. వాళ్ల నాన్న పరమేశ్వర్ గంగారాం గారి షెడ్డులో మగ్గాలు నడుపుతాడు, వాళ్లమ్మ వజ్రమ్మ అక్కడే దారం కండెలు చుడుతుంది. ఆ షెడ్డులో కొత్త మిషన్లు బిగించడానికి చైనా నుంచి వచ్చిన ఇద్దరు మెకానిక్కులు మూడు నెలలు ఉన్నారు. వాళ్లకు హోటలు తిండి పడక, వజ్రమ్మ పెట్టిన జొన్నరొట్టె తినేవారు. రొట్టెలు తీసుకెళ్లి ఇచ్చేది సుమన. వాళ్లు ఆ పిల్లతో మాట్లాడేవారు, ఆ పిల్ల తిరిగి మాట్లాడేది, వాళ్లు వెళ్లిపోయాక కూడా ఫోనులో. నేను చైనీస్‌ను కంప్యూటర్లో నేర్చుకున్నాను, ఆ అమ్మాయి మనుషుల దగ్గర నేర్చుకుంది. తరగతిలో నేనొక మాట పలికితే, సుమన అదే మాటను సరైన స్వరంతో మెల్లగా మళ్లీ పలికేది, పిల్లలంతా ఆమె వెనక పలికేవారు, నేను బల్ల మీద చేత్తో కొట్టి "భేష్" అనేవాణ్ణి. బోధన సాఫీగా సాగింది.

మూడో ఏడు, పడమటి ప్రాంతపు పాఠశాలల చైనీస్ వక్తృత్వ పోటీ మన బడిలో, ఈ హాల్లోనే జరిగింది. బయటినుంచి ఎనిమిది బళ్లు వచ్చాయి. ముంబయి నుంచి ఒక న్యాయనిర్ణేత వచ్చారు. వేదిక వెనక ఫ్లెక్సీ కడితే మన పరువేం కావాలని, స్వాగతం అనే మాటను చైనీస్‌లో మగ్గం మీదే నేయించారు గంగారాం గారు. ఎర్రటి బట్ట మీద బంగారు రంగు అక్షరాలు. వెనక తిప్పితే బంగారు బట్ట మీద ఎర్ర అక్షరాలు, అవి తిరగబడి ఉంటాయి. రెండు వైపులా చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. దాన్ని కట్టే పని పరమేశ్వర్ తీసుకున్నాడు.

నేతపని చేసేవారికి నేను చెప్పక్కర్లేదు, మిగతావారి కోసం చెబుతున్నాను. మంచి బట్టను మడతపెట్టేటప్పుడు, మూట కట్టేటప్పుడు మంచి వైపు లోపలికి పెడతారు, దుమ్ము పడకుండా. పరమేశ్వర్ ముప్పై ఏళ్లుగా అదే చేస్తున్నాడు. ఆ రోజూ అదే చేశాడు. మంచి వైపు గోడకు పెట్టి, నాలుగు మూలలా బిగించి కట్టాడు. తర్వాత నేను అడిగితే, "ఊర్లకెల్లి గంత మంది వచ్చిండ్రు సార్, కొత్త బట్ట మాసిపోదా?" అన్నాడు.

ఇందులో పరమేశ్వర్ తప్పేమీ లేదు. చూసుకోవలసింది చైనీస్ మాస్టారు. ఆ చైనీస్ మాస్టారు తిరగబడ్డ అక్షరాల కింద నాలుగు గంటలు నిలబడ్డాడు. రెండు ఫోటోలు దిగాడు. స్వాగతోపన్యాసంలో వాటివైపు చెయ్యి చూపించి, "ఈ అక్షరాల అందం చూడండి" అని కూడా అన్నాడు. (నవ్వులు) నవ్వండి, ఆ రోజు మీలో ఎవరూ నవ్వలేదు, మీరూ నాలాంటివారే.

భోజనాల ముందు తొమ్మిదో తరగతి సుమన నా దగ్గరికి వచ్చి, ఇంకెవరికీ వినపడకుండా చెప్పింది. "సార్, బట్ట తిరగేసి కట్టిండ్రు. అక్షరాలన్నీ ఉల్టా ఉన్నయి."

నాకు తల కొట్టేసినట్టయింది. యాభై మూడేళ్ల మనిషిని, ఎనిమిది బళ్ల మాస్టర్లు చుట్టూ ఉన్నారు. నేను ఆ పిల్లతో, "తెలుసమ్మా, నేనే కావాలని అలా కట్టించాను, ఎవరు కనిపెడతారో చూద్దామని" అన్నాను. సుమన నా మొహంలోకి ఒక్క క్షణం చూసి "సరే సార్" అని వెళ్లిపోయింది. ఆ చూపు నేను మరిచిపోలేదు. పది నిమిషాలకు న్యాయనిర్ణేత గారు కూడా వచ్చి అదే సంగతి మర్యాదగా అడిగారు. ఒకసారి చెప్పిన అబద్ధం కదా, రెండోసారి ఇంకా బాగా చెప్పాను. వారు దాన్ని నోటుపుస్తకంలో రాసుకున్నారు. నెల తిరక్కుండా, వినూత్న బోధనా పద్ధతి అని నాకు ప్రశంసాపత్రం వచ్చింది. ఆ వేసవిలో అహ్మదాబాద్‌లో ముప్పై ఇద్దరు ఉపాధ్యాయులకు 'తప్పుల ద్వారా బోధన' అనే అంశం మీద నలభై నిమిషాలు నాచేత శిక్షణ ఇప్పించారు. ఆ తర్వాత కనీసం రెండు బళ్లలో బ్యానర్లు తిరగేసి కడుతున్నారని విన్నాను.

అదే పోటీలో సుమన 'మా అమ్మ పని' అని మూడు నిమిషాలు మాట్లాడింది. ఆ ప్రసంగాన్ని నేను దిద్దాను. నేను దిద్దిన మూడు చోట్లా ఆ అమ్మాయి ఇంటికి వెళ్లి మళ్లీ సరిచేసుకుంది. మొదటి బహుమతి వచ్చింది. మొదటి బహుమతి వచ్చిన విద్యార్థి గురువుకు 'ఉత్తమ మార్గదర్శి' అనే షీల్డు ఇవ్వడం ఆ పోటీ నియమం. ఆ షీల్డు మా ఇంట్లో టీవీ పక్కన ఉంది, విశాలాక్షి వారానికోసారి తుడుస్తుంది. నిజం తెలిసి కూడా తుడుస్తుంది.

మరునాడు అందరం డుమస్ బీచికి వెళ్లాం. టమాటా భజియాలు తింటుంటే వజ్రమ్మ నా పక్కకు వచ్చి, "సార్, మా పోరికి గంత బాగ మీరే నేర్పిండ్రట గద. మాకు సదువు లేదు, మీరు సల్లగుండాలె" అని చేతులు జోడించింది. నేను కాదనలేదు. "ఏదో నాకు వచ్చింది చెప్పాను" అన్నాను. చేతిలో ఉన్న భజియా పొట్లంలో పెట్టేశాను. కాసేపటికి ఇంకో రెండు తిన్నాను, అది వేరే సంగతి.

ఇవన్నీ ఇవాళ ఎందుకు తవ్వుతున్నావని మీరు అడగవచ్చు. పోయిన వారం కమిటీ మీటింగులో నా తర్వాత చైనీస్‌కు ఎవరు అనే మాట వచ్చింది. నేను సుమన పేరు చెప్పాను. బి.ఏ. పూర్తయింది. చైనీస్ పరీక్షల్లో నాలుగో స్థాయి మొదటిసారికే పాసైంది. నేను రెండో స్థాయి మూడోసారికి పాసయ్యాను, అదీ వినే భాగంలో అంచు మీద. ఒకాయన, పేరు చెప్పను, ఈ హాల్లోనే ఉన్నారు, "షెడ్డుల పనిచేసెటోని బిడ్డ వచ్చి మా పిల్లలకు టీచరా?" అన్నారు. ఆ మాటకు గంగారాం గారు తలూపలేదు, అందుకు వారికి నమస్కారం. కానీ వారు నా గురించి ఇంకో మాట అన్నారు. "గట్ల గాదు సార్. భుజంగరావు సార్ పేరు చూసి పిల్లలు వస్తున్నరు. అవార్డులు సార్‌వి. ఆ పోరిని చూసి ఎవరొస్తరు? సార్ లేకుంటే క్లాస్ బంద్ చేసుడే మంచిది."

నేను ఇంటికి వెళ్లి ఆ మాట విశాలాక్షికి చెప్పాను. ఆవిడ పప్పు కలుపుతూ, "అయితే మీ పేరే ఆ పిల్లకు అడ్డం" అంది. ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో నన్ను అంత తక్కువ మాటల్లో ఎవరూ తేల్చలేదు.

అందుకని గంగారాం గారూ, మీరు ప్రకటించిన రెండేళ్లు నాకు వద్దు. మీ అభిమానానికి చేతులెత్తి మొక్కుతున్నాను, కానీ మీరు పొడిగించేది నా ఉద్యోగం కాదు, నా అబద్ధం. నేను ఉంటే క్లాసు ఉంటుంది, చదువు ఉండదు. సుమన పదో తరగతి పాసై వెళ్లినప్పటి నుంచి ఐదేళ్లుగా ప్రతి శనివారం మధ్యాహ్నం ఈ బడికి వచ్చి చైనీస్ తీసుకున్న పిల్లలందరికీ పాఠం చెప్పి, పోటీలకు తయారు చేస్తోంది. గేటు దగ్గర రిజిస్టరులో 'వచ్చిన పని' అనే గడిలో ప్రతిసారీ 'సార్‌ను కలవడానికి' అని రాసింది. నన్ను కలిసింది తక్కువ. శనివారం నేను స్టాఫ్ రూములో పేపరు చదువుకునేవాణ్ణి. ఆ ఐదేళ్లలో వచ్చిన పదకొండు బహుమతుల్లో నా వాటా ఆ పేపరే.

మన ఊరి శివార్లలో, కామ్‌రేజ్‌లో మగ్గం మిషన్లు తెప్పించే ఒక కంపెనీ ఆ అమ్మాయికి ఉద్యోగం ఇచ్చింది. మంచి ఉద్యోగమే. సోమవారం పొద్దున తొమ్మిదింటికి చేరాలి. ఇక్కడ రమ్మంటే వస్తావా అని నేను అడిగాను. "పిల్వని పేరంటానికి ఎట్ల వస్తా సార్?" అంది. సుమన ఈ హాల్లోనే, వెనక నుంచి రెండో వరసలో, వాళ్లమ్మ పక్కన కూర్చుని ఉంది. నేను ఇదంతా మాట్లాడతానని ఆమెకు తెలియదు. ఇప్పుడు తల వంచుకుంది. వంచుకోవలసింది ఆమె కాదు.

అధ్యక్షుల అనుమతితో ఒక్క ప్రశ్న అడిగి ముగిస్తాను. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో చైనీస్ తీసుకున్న పిల్లలు లేచి నిలబడండి. వెనకవాళ్లు కూడా. నా మొహం చూడకండి. జవాబు ఏదైనా భోజనం పెడతారు. మీకు చైనీస్ నేర్పింది ఎవరు?

(పిల్లలంతా: "సుమనక్క.")

కూర్చోండి. తొమ్మిదేళ్లలో నేనడిగిన ప్రశ్నకు క్లాసు మొత్తం ఒకేసారి సరైన జవాబు చెప్పడం ఇదే మొదలు.

గంగారాం గారూ, సోమవారం తొమ్మిదింటికి ఏడో తరగతికి మొదటి పీరియడ్ చైనీస్. నేను రాను. ఎవరు రావాలో పిలవవలసింది మీరు, పిలవడానికి ఇంకా మూడు రోజులుంది, ఆమె ఈ హాల్లోనే ఉంది. పరమేశ్వర్, వజ్రమ్మా, మీ అమ్మాయికి నేను ఏమీ నేర్పలేదు, ఆ రోజు డుమస్‌లో చెప్పవలసిన మాట ఏడేళ్లు ఆలస్యంగా చెబుతున్నాను. నన్ను ఇన్నాళ్లు భరించిన స్వరాజ్యం గారికి, తోటివారికి, నా పాఠాలు విని కూడా చైనీస్ నేర్చుకున్న పిల్లలకు కృతజ్ఞతలు. సుమనా, ఇంతమంది ముందు క్షమించమని అడిగితే నువ్వు కాదనలేవు, అందుకని ఇక్కడ అడగను. రేపు మీ ఇంటికి వచ్చి అడుగుతాను, అక్కడ నీ ఇష్టం. నాకు సెలవు.