మామగారి కప్పుకి అక్క పెట్టిన కన్నం

ఏం కొలుస్తున్నావే అమ్మాయ్ ఇంతసేపటి నుంచీ? గోడా? ఈ పై అంతస్తులో గోడ అనేది మోకాలి దాకానే, ఆ పైనంతా వాలుగా వంగిపోయిన కప్పే కదా. ఇలా వచ్చి కూర్చో. ఆ మెట్లెక్కేసరికి నా ప్రాణం పోయినంత పనైంది, కాసేపు ఇక్కడే ఉంటాను. నెత్తి జాగ్రత్త! అయ్యో, తగిలిందా? తగులుతుందిలే. ఈ ఇంటి కోడళ్ళందరికీ మొదట్లో తగులుతుంది, తర్వాత మెడే నేర్చుకుంటుంది. ఏమన్నావూ? పొయ్యి మీది ఆ కన్నం మూసేసి గొట్టం లేని చిమ్నీ పెట్టించమన్నాడా మీ ఆయన? పొగని లాక్కుని, జల్లెడ పట్టి, మళ్ళీ ఇంట్లోకే వదులుతుందా అది? ఓహో, బ్రహ్మాండంగా ఉంది. ఆ కన్నం ఎవరు పెట్టారో వాడికి తెలుసా అసలు? వాళ్ళ నాన్నమ్మ పెట్టింది. నా తోడికోడలు. నేను అక్కా అనేదాన్ని. మిగతా వాళ్ళంతా మొండిది అనేవాళ్ళు, ఆవిడకీ అది నచ్చేది.

మా మామగారు పెంకుల మేస్త్రీ, అది తెలుసుగా. ఊళ్ళో సగం కప్పులు ఆయన చేతివే. వాన పడిందంటే చాలు, ఇంటికొచ్చిన చుట్టాన్ని వదిలేవారు కాదు, పైకి లాక్కొచ్చి ఇదిగో ఇక్కడ నిలబెట్టి, "చెయ్యి చాపండి బావగారూ, ఒక్క చుక్క పడితే నేను పని మానేస్తాను" అనేవారు. నా సంబంధం మాట్లాడ్డానికని వచ్చిన మా నాన్నకీ అదే మర్యాద. పాపం ఆయన చెయ్యి చాపి అలా నిలబడిపోయాడు, కాఫీ చల్లారిపోయింది. నిజమేనమ్మా, చుక్క లోపలికి రాదు. మరి పొగ బయటికి పోతుందా అని ఎవరైనా అడిగారా? అక్కకీ బావగారికీ ఈ పై అంతస్తు ఇచ్చారు. పొయ్యి ఎక్కడ పెట్టారనుకున్నావ్? అదిగో, వాలు బాగా కిందకి దిగిన ఆ మూల. "అక్కడ ఎలాగూ మనిషి నిలబడలేడు, జాగా వృథా అవుతుంది" అన్నారు మామగారు. మనిషి నిలబడలేని చోట వండేది మాత్రం నిలబడాలన్నమాట! ఆవిడ సగానికి వంగి బొగ్గుల పొయ్యి ఊదుతుంటే, పొగ ఈ వాలు పట్టుకుని పాకి పాకి, పైన మధ్యదూలం దగ్గర చేరి, అక్కడి నుంచి మంచాల మీదకి దిగేది. ఉల్లిపాయలు వేయిస్తే వారం రోజులు దుప్పట్లు అదే వాసన. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

బావగారు మంచివాడే, కానీ తండ్రి ముందు నోరు పెగిలేది కాదు. రేకుల పనివాడితో ఒక డబ్బా చేయించుకొచ్చాడు, పొగ పట్టుకునేలా పొయ్యి మీద వేలాడదీయడానికి. నిటారు గోడకి చేసిన డబ్బా! వాలు కప్పుకి ఆనించేసరికి పైన ఆనుకుంది, కింద చెయ్యి దూరేంత సందు. పొగ ఏమైనా వెర్రిదా, శుభ్రంగా ఆ సందులోంచే వెళ్ళిపోయింది. డబ్బాకి తగిలించిన గొట్టాన్ని ఆ చివరి కిటికీ దాకా వంకర్లు తిప్పి తీసుకెళ్ళాడు. ప్రతి వంకరలోనూ జిడ్డు పేరుకుని, కారి కారి, ఒకరోజు మామగారి కొత్త చెప్పుల్లో పడింది. ఆరోజు ఈ ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. నేను మాత్రం కింద వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను.

నవ్వులాట ఎన్నాళ్ళులే. అక్కకి పిల్లాడు పుట్టాడు. మీ మామగారు. నెలల బిడ్డ, పొగకి ఎగఊపిరి వచ్చేది, పిల్లిపిల్ల అరిచినట్టు ఉండేది వాడి గొంతు. డాక్టరు చూసి ఈ గదిలో ఉంచొద్దన్నాడు. మామగారు క్షణం ఆలోచించలేదు, "అయితే పిల్లాణ్ణి కిందకి దింపండి, మేం పెంచుకుంటాం, తల్లి వచ్చి పాలిచ్చి వెళ్తుంది" అన్నారు. అత్తగారు అప్పటికే ఉయ్యాల కట్టేశారు. అక్క మెట్ల మీద అడ్డంగా నిలబడింది. "పిల్లాణ్ణి కిందకి పంపను మామయ్యగారూ. పొగనే పైకి పంపుతాను" అంది. "నా కప్పుకి కన్నమా? నేను పోయాక పెట్టుకో" అన్నారు ఆయన. ఇక చూడు. అక్క కాగితం చుట్టి, కొస కాల్చి, ఆర్పి, ఆ పొగ ఎటు పోతోందో చూస్తూ గదంతా తిరిగేది. పొయ్యిని ఆ మూల నుంచి లాగి, నిటారుగా నిలబడగలిగే చోటికి జరిపింది. సరిగ్గా దాని నెత్తిన, కప్పు మీద, బొగ్గుతో ఒక గుర్తు పెట్టింది. ఆయన సున్నం వేసి చెరిపేశారు. ఆవిడ మళ్ళీ పెట్టింది. ఆయన మళ్ళీ సున్నం వేశారు. ఒకరిది బొగ్గు, ఇంకొకరిది సున్నం. ఇటు పొయ్యి, అటు ఉయ్యాల.

ఒకరోజు ఆయన ఎవరిదో కప్పు నేయడానికి వెళ్ళారు. అక్క బల్ల ఎక్కింది. ఆయన సుత్తే, ఆయన రంపమే! బల్ల కదలకుండా పట్టుకున్నది నేను. తప్పేముంది? ఇప్పుడైనా పట్టుకుంటాను. పెంకులు తీసి, కింద కర్ర కోసేసి, గొట్టాన్ని ఏ వంకరా లేకుండా నిటారుగా పైకి తోసేసింది. పొయ్యి రాజేసింది. అబ్బ, ఆ పొగ వెళ్ళిన తీరు చూడాలి! వీధిలో జనం "మేస్త్రీగారి ఇల్లు అంటుకుందో!" అని బిందెలు పట్టుకుని వచ్చేశారు. వాళ్ళ వెనకే ఆయన. మొహం ఎర్రగా కందిపోయి ఉంది. నిచ్చెన వేసుకుని కప్పు ఎక్కారు. గొట్టం పక్క సందులోంచి అక్క మొహం పెట్టి, "మామయ్యగారూ, మబ్బు పట్టింది. వాన కురిస్తే మీ కప్పు కారుతుంది. కారకుండా చేస్తారో, మూసేస్తారో మీ ఇష్టం. మూస్తే రేపు మళ్ళీ తీస్తాను" అంది. కింద జనమంతా వింటున్నారు. ఆయన వంగి ఆ కన్నం చుట్టూ పెంకులు తడిమారు. తర్వాత, "రేకు పట్టుకురండ్రా" అన్నారు.

చేసింది మాత్రం ఆయనే, కాదనను. కర్రకి వేడి తగలకుండా గొట్టం చుట్టూ ఖాళీ వదిలి, రేకుని పై పెంకుల కిందకి దూర్చి, కింది పెంకుల మీదకి వాల్చారు. ఆ పాత డబ్బాకి వెనక భాగం వాలుకి తగ్గట్టు ఏటవాలుగా కోసి సందు లేకుండా కూర్చోబెట్టారు. ఆ రాత్రి వానకి ఒక్క చుక్క పడలేదు. పిల్లాడు పైనే పడుకున్నాడు, హాయిగా. ఇంక ఆ తర్వాత వచ్చిన ప్రతి చుట్టాన్నీ మళ్ళీ పైకి తేవడమే, "చూశారా, ఇలా పెట్టాలని నాకు ముందే తట్టింది" అనడమే. అక్క ఉన్నచోటు నుంచే ఒక్క దగ్గు దగ్గేది, ఖళ్ళుమని. అంతే, ఆయన మాట గొంతులో ఆగిపోయేది. కింద గదిలో కూర్చుని గొప్పలు పోతున్నా సరే, పైనుంచి ఆ దగ్గు దిగేది. నేనూ నవ్వేదాన్ని. చివర్లో ఆ దగ్గు నిజమైంది, నవ్వడం మానేశాను. కన్నం పెట్టకముందు మింగిన పొగ ఎక్కడికి పోతుంది చెప్పు? పిల్లాణ్ణి కాపాడుకుంది, తను మాత్రం...

ఉండు. కింద మాటలు వినపడుతున్నాయి. చిమ్నీ బిగించేవాడు వచ్చినట్టున్నాడు. ఏమంటున్నాడు మీ ఆయన? "మా ఆవిడతో మాట్లాడేశాను, కన్నం మూసేయొచ్చు" అంటున్నాడా? మాట్లాడాడా నీతో? మరి చూస్తావేం, దగ్గవే. అలా కాదు, కిందకి వినపడాలి.