గంట తొక్కే పాదం

మెర్విన్ టొరన్స్ గారు 1931 మార్చి రెండో తేదీన బ్రిస్బేన్ ట్రాముల్లో కండక్టరుగా చేరారు. ఈ నవంబరు శుక్రవారం మన డిపో ఊడ్చే ఉద్యోగిగా పదవీ విరమణ చేస్తున్నారు. ఈ రెంటి మధ్య జరిగినదాన్ని మర్యాదగా రాయమని మన డిపో పత్రిక సంపాదకులు నన్ను కోరారు. ప్రయత్నిస్తాను.

చేరిన కొన్నేళ్లకే ఆయన డ్రైవరయ్యారు. కొండ లైను ఆయనది. యుద్ధకాలంలో సైనికులు మెట్ల మీద వేలాడుతున్నా, ఆ వాలులో ఒక్క ప్రయాణికుడికీ గాయం కానివ్వలేదు. ఉదయం తొలి ట్రాము ఆస్పత్రి వంటమనిషి మిసెస్ పాస్కో ఇంటి ముందుకు రాగానే, డ్రైవరు కాలి దగ్గరుండే గంటను కుడికాలితో రెండుసార్లు తొక్కేవారు. ఆవిడ జుట్టుకు క్లిప్పులతోనే పరుగెత్తుకొచ్చేది.

"ఇంకోసారి తొక్కావంటే మా ఆయన కూడా లేస్తాడు మెర్వ్. నా ఉసురు పోసుకోకు."

"లేస్తే ఆయన్నీ ఎక్కించుకుంటాను. టిక్కెట్టు మాత్రం తియ్యాలి."

తర్వాత కార్లొచ్చాయి. ట్రాముల్లో తిరిగినవాళ్లే కార్లు కొన్నారు, కొని పట్టాల మీద నిలిపారు, నిలిపి ట్రాములు నత్తనడక నడుస్తున్నాయని పత్రికలకు ఉత్తరాలు రాశారు. చివరికి అడ్డం వచ్చిన కార్లు ఉండిపోయాయి, దారిలేక ఆగిన ట్రాములు పోయాయి.

ట్రాములు తీసేసి బస్సులు వేస్తామంది యాజమాన్యం. డ్రైవర్లందరూ బస్సు పరీక్ష పాసవ్వాలి, లేదంటే చీపురు పట్టాలి అన్నారు. డ్రైవరుగానే పదవీ విరమణ చెయ్యాలన్నది మెర్విన్ గారి ఏకైక కోరిక. పరీక్షనాడు డిపో గేటు దగ్గర ఒక కారు అడ్డంగా నిలిచి ఉంది. ఆయన కుడికాలు అలవాటు కొద్దీ గంట తొక్కింది. ట్రాములో గంట ఉండే చోట బస్సులో యాక్సిలరేటర్ ఉంటుంది. ఆ కారు సూపరింటెండెంటు గారిది, కొత్తది. అదృష్టం, లోపల ఎవరూ లేరు.

"బ్రేకెందుకు వెయ్యలేదయ్యా?" అన్నాడు పరీక్ష పెట్టిన కారిగన్.

"గంట కొట్టాను. జరగలేదు."

"బస్సుకి గంటెక్కడిది?"

"అదేగా మీ బస్సులతో వచ్చిన బాధ."

అందరం నవ్వాం. మళ్లీ పరీక్ష పెడతానన్నాడు కారిగన్, నెల రోజులు నేర్చుకోమన్నాడు. మెర్విన్ గారు నవ్వలేదు.

"నేర్చుకోవాల్సింది నేను కాదు, ఈ కాలు. రేపు అక్కడున్నది ఓ పిల్లయితే?" అని డ్రైవరు బిళ్ల తీసి బల్ల మీద పెట్టారు.

ఈ ఏప్రిల్‌లో ఆఖరి ట్రాము తిరిగింది. పాసైన మేమంతా బస్సుల మీద ఉన్నాం. ట్రాములను తగలబెట్టే యార్డుకు నడిపించడానికి తప్పిన డ్రైవరే మిగిలారు. చీపురు పక్కన పెట్టించి ట్రాము నడిపే హ్యాండిలు ఆయన చేతికే ఇచ్చారు. ఒక్కొక్క ట్రామునూ యార్డులో నిలిపి, గంట రెండుసార్లు తొక్కి దిగేవారు. లేచి రావడానికి అక్కడ ఎవరూ లేరు.

యాజమాన్యం ఆయనకు కారు తాళాలు తగిలించుకునే తోలు కీచైను బహూకరిస్తోంది. ఆయనకు కారు లేదు. ఇల్లు కొండ చివర. ట్రాముకు బదులు వేసిన బస్సు సాయంత్రం ఆరు దాటితే లేదు, సన్మానం ఏడింటికి. తన కారులో దింపుతానని సూపరింటెండెంటు గారు కబురు పెడితే, మెర్విన్ గారి భార్య ఊనా గారు, "ఆ కారుకీ ఈయన కాలికీ పడదు, వద్దులెండి. నడిచిపోతాం" అన్నారట.

మెర్విన్ గారూ, మీకు ఆయురారోగ్యాలు నిండుగా ఉండాలి. అన్నిటికన్నా ముందు ఆ మోకాళ్లు చివరిదాకా గట్టిగా ఉండాలి. ఊరినంతా ఇన్నేళ్లు కొండ ఎక్కించారు మీరు. మిమ్మల్ని ఎక్కించడానికి మేం ఏమీ మిగల్చలేదు.