టేపుల గదిని కాపాడిన మనిషి

"నాకు ఒళ్ళు మండిపోతోందయ్యా. ఎందుకు మండదు? టీవీ స్టేషనువాళ్ళు పాత కార్యక్రమాలన్నీ మొదటి నుంచి చివరిదాకా ఫోన్లో పెట్టేసి, ఊరికే చూసుకోండని లోకమంతా పంచిపెడుతున్నారు. వాటిని ముప్పై ఏళ్ళు కాపాడిన నా మొహం ఒక్కచోట కనిపిస్తే ఒట్టు."

టీ కొట్టు బల్ల మీద కూర్చుని మొదలుపెట్టాడు టేపుల బాబాయ్. ఎదురుగా ఉన్న స్టేషన్లోనే టేపుల గది చూసుకుని రిటైరయ్యాడు. వింటున్నది కొట్టాయన, మంగలి అన్న, నేను, పక్క సందులో బట్టలు కుట్టే అక్క. అక్క వాళ్ళమ్మ ఒకప్పుడు ఆ స్టేషన్లో అరగంట పాటలు పాడింది. పోయిన మనిషి గొంతు ఇంకెక్కడా మిగల్లేదు. ఆ టేపు కోసం అక్క ఏడాదిగా బాబాయ్‌ని అడుగుతోంది.

"నీ టేపు భద్రం తల్లీ, నేను దాచాను. వాళ్ళు ఫోన్లో పెట్టకపోతే నాదా తప్పు?" అన్నాడు ఆవిడ వైపు తిరిగి.

"ఒకరోజు వాన. గది కప్పు కారింది. బకెట్ పెట్టి, పది టేపులు పక్కకి జరిపాను, అంతే. నేను గొప్పలు చెప్పుకునే రకం కాదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బకెట్ నిండింది, గది నిండింది, నీళ్ళు నడుముదాకా వచ్చాయి. పై అధికారికి ఫోన్ చేస్తే భోంచేస్తున్నాడన్నారు. ఇక్కడ నాలుగు వేల టేపులు మునిగిపోతుంటే వాడికి భోజనమట. అరికాలి మంట నెత్తికెక్కింది. నాలుగు వేలూ నెత్తిన పెట్టుకున్నాను."

"ఒకేసారా?" అన్నాడు మంగలి అన్న.

"విడతలవారీగా పెట్టుకుంటే కిందవి తడిసిపోవూ? కాస్త బుర్ర వాడు. మూడు రోజులు మెడలోతు నీళ్ళలో నిలబడ్డాను. తుమ్మొస్తే మింగేశాను. గోడ ఒరిగితే వీపుతో ఆపాను."

"మరి తిండి?"

"కోపంతోనే కడుపు నిండిపోయిందయ్యా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? టేపులు బతికాయి గానీ మెషీన్లు చచ్చాయి. ఇంజినీర్లు ఏడుపు మొహాలేసుకుని కూర్చున్నారు, దద్దమ్మలు. ఒక్కో టేపూ చెవి దగ్గర పెట్టుకుని, చేత్తో తిప్పుతూ, లోపల ఏముందో నేను చేసి చూపిస్తుంటే, వాళ్ళు కంప్యూటర్లోకి ఎక్కించుకున్నారు. వార్తలు చదివేవాడు దగ్గితే నేనూ దగ్గాను. గుర్రాలు వస్తే గది చుట్టూ పరిగెత్తాను. మీరు చూసే ఆ యుద్ధం సీరియల్లో రెండు సైన్యాలూ నేనే. చివరికి ఎవర్ని గెలిపించాలో కూడా నన్నే అడిగారు. అదంతా ఎక్కించేసరికి ఆ బరువుకి స్టేషను భూమిలోకి రెండడుగులు దిగింది. మునుపు దానికి ఐదు మెట్లు. ఇప్పుడు లెక్కపెట్టుకోండి."

అందరం అటు చూశాం. మూడే ఉన్నాయి.

"అలాంటి నన్ను పురుగులా తీసిపారేశారు. కుక్కపిల్లలకి స్నానం ఎలా చేయించాలో గంటసేపు పెట్టారు. నేను రిటైరైన రోజు సభ జరిగింది, దాన్ని రికార్డు కూడా చేశారు. అది పెడితే వీళ్ళ సొమ్మేం పోయింది?"

"పెట్టారు బాబాయ్," అంది అక్క. "ఇవాళ పొద్దున."

బాబాయ్ కోపం ఎటుపోయిందో తెలీదు. "నాదా? మొత్తం పెట్టారా?"

"మొత్తం. ఒక్క ముక్క కొయ్యలేదు. కొత్త టేపు ఇవ్వమంటే ఇవ్వలేదట, మీరే ఒక పాతది తెచ్చి, దాని మీద మీ సభ రికార్డు చేయించారట. ఎలా సాధించానో చూడండని మైకులో మీరే చెప్పుకున్నారు."

"ఏదో పనికిరాని టేపు తల్లీ అది."

"ఇరవై తొమ్మిది నిమిషాలు మాట్లాడారు మీరు. ఆ తర్వాత తెర నల్లబడింది. చివర్లో మా అమ్మ గొంతు వచ్చింది. తొమ్మిది సెకన్లు." అక్క గొంతులో ఏడుపు లేదు, ఒట్టి కోపం. "మీరు ఇంకో రెండు మాటలు మాట్లాడి ఉంటే అదీ మిగిలేది కాదు."

బాబాయ్ ఏదో చెప్పబోయాడు.

"ఇప్పుడైనా నోరు మూసుకోండి. వినాలి," అని అక్క ఫోను చెవికి ఆనించుకుంది.