మైకు బావ, సగం పన్ను

ఏంటి, మళ్ళీ వచ్చిందా ఆ మైకు బండి? ఏమంటోంది? గెలిపిస్తే పన్నులు తగ్గిస్తారటా? ఊఁ. కూర్చో నాయనా. ఆ కుర్చీ కాదు, దానికి ఒక కాలు లొడలొడ, ఇటు కూర్చో. ఇప్పుడంటే రికార్డు చేసి తిప్పుతున్నారు గానీ, అప్పట్లో మనిషే అరవాలి. మా బావ అరిచేవాడు. మా పెద్దక్క మొగుడు. నువ్వెరగవులే, నువ్వు పుట్టకముందే పోయాడు. ఊరంతా మైకు బావ అనేవాళ్ళు, వరస కానివాళ్ళు కూడా. రిక్షా నేను తొక్కేవాణ్ణి, వెనక మైకు పట్టుకుని ఆయన. రేపు నీళ్ళు రావు అన్నాడంటే రావంతే. ఫలానా పెద్దాయన పోయాడు అన్నాడంటే, ఆ పెద్దాయన లేచి కూర్చున్నా ఎవరూ నమ్మరు. అలాంటి గొంతు. ఇంట్లో మాత్రం ఉప్పు కావాలన్నా మా అక్క మొహం చూసి అడిగేవాడు.

ఏం చెబుతున్నాను? ఆఁ, పన్ను. అప్పుడూ ఇలాగే మునిసిపల్ ఎన్నికలు. ప్రతిపక్షం తరఫున ఒక కాంట్రాక్టరు నిలబడ్డాడు, మనిషి మంచివాడే, నవ్వితే పళ్ళన్నీ కనిపించేవి. 'గెలిపిస్తే ఇంటి పన్ను సగానికి సగం' అని చెప్పమని బావకి బయానా ఇచ్చాడు. మా అక్క ఆ డబ్బు చూసి, వంటింటి కప్పు బాగుచేయించొచ్చని అప్పుడే మేస్త్రీకి కబురు పెట్టింది. బావ మాత్రం రిక్షా ఎక్కుతూ, 'సగం తగ్గిస్తే వీధి ఊడ్చేవాళ్ళకి జీతం ఎవరిస్తార్రా, ఈయనిస్తాడా?' అన్నాడు. నాకేం తెలుసు, నేను తొక్కేవాణ్ణి. అయినా బయానా పుచ్చుకున్నాం కదా, రోజంతా ఊరు తిరిగి గట్టిగానే చెప్పాడు.

సాయంత్రం ఎదురింటి దర్జీ ఆవిడ వచ్చింది. మొగుడు లేడు, ఇద్దరు పిల్లలు, పన్ను కట్టకపోతే కుళాయి కోసేస్తామని నోటీసు వచ్చి ఉంది. 'అన్నయ్యా, ఎంత చల్లని మాట చెప్పావు! పన్నుకని దాచిన డబ్బు పెట్టి రెండో మిషను కొనేశాను. ఎలాగూ తగ్గుతుందిగా, తగ్గాకే కడతాను' అంది. 'అది పార్టీవాళ్ళ మాటమ్మా' అన్నాడు బావ. 'నువ్వు చెప్పావుగా' అందావిడ. అంతే. మర్నాడు ఆవిణ్ణి వెంటబెట్టుకుని మిషన్ల కొట్టుకి వెళ్ళాం. కొట్టువాడు 'అమ్మిన సరుకు వెనక్కి తీసుకోనండి' అని బోర్డు చూపించాడు. బావ ఇంటికొచ్చి, కప్పు కోసం దాచిన బయానా డబ్బు తీసుకెళ్ళి ఆవిడ పన్ను కట్టేశాడు. ఆ కాంట్రాక్టరుగారి పుణ్యాన పన్ను భారం తగ్గింది ఆవిడొక్కదానికే.

మా అక్కా? బావతో మాట మానేసింది. నాతో చెప్పేది, 'మీ బావకి కంచం పెట్టానని చెప్పు' అని. ఆయన నా పక్కనే ఉండేవాడు.

ఆ పూట నుంచీ ప్రచారంలో బావ 'ఇంటి పన్ను సగానికి సగం తగ్గించబడును' అనడం, ఒక్క క్షణం ఆగి, అదే గొంతుతో 'అని వాళ్ళు చెప్పమన్నారు' అనడం. జనం గుమ్మాల్లోకి వచ్చి మరీ నవ్వారు. కాంట్రాక్టరుగారు కారు వేసుకుని వచ్చాడు. 'ఏమయ్యా, చివర్న ఆ తోకేంటి?' 'తోక కాదండి, అదే తల.' 'నీకు డబ్బిచ్చింది నీ గొంతుకేనయ్యా, నీ నమ్మకానికి కాదు.' 'రెండూ ఒకచోటే ఉన్నాయండి, విడదీయడం కుదరట్లేదు. పోనీ, తగ్గిన డబ్బు ఎక్కణ్ణుంచి పూడుస్తారో చెప్పండి, అదీ మైకులో చెబుతాను.' ఆయన 'అది గెలిచాక చూసుకుందాం' అన్నాడు. బావ వెంటనే మైకందుకుని, 'అది గెలిచాక చూసుకుంటారట' అన్నాడు. వీధి మొత్తానికి వినిపించింది. అక్కడికక్కడే మైకు ఊడబీకి తీసుకుపోయారు, వాళ్ళదే లే. రెండో రోజుకల్లా రెండో పార్టీవాళ్ళు దండ పట్టుకుని దిగారు, మా తరఫున చెప్పమని. 'పోయినసారి మీరు వేస్తామన్న వీధి దీపాలు వెలిగాక రండి' అన్నాడు. దండ మాత్రం ఉంచేసి వెళ్ళారు. మా అక్క దాన్ని రిక్షాకి వేసింది. బావతో మాట మానేశాక అదే తొలిసారి నవ్వడం.

కాంట్రాక్టరే గెలిచాడు. పన్ను తగ్గించాడు కూడా, అబద్ధమెందుకు చెప్పాలి, పిసరంత తగ్గించాడు. ఆ వెంటనే చెత్త పన్నని ఒకటీ, దీపాల పన్నని ఒకటీ వచ్చాయి. మొత్తం కలిపితే పాతదే నయం. ఊరంతా వచ్చి 'నువ్వు ముందే చెప్పావు బావా' అంటే, గొంతు సవరించుకుని లోపలికి వెళ్ళిపోయేవాడు. నాకు అర్థం కాలేదు. ఎంత గొప్పగా చెప్పుకోవాల్సిన మాట!

ఆఖర్న ఆస్పత్రిలో ఉన్నప్పుడు, ఓ రాత్రి తోచక నేనే ఆ ఊసెత్తాను. అప్పటికే గొంతు పోయింది, చెవి దగ్గర పెడితే గానీ వినపడేది కాదు. 'ఒరేయ్, ఆ ఎన్నికల్లో నేను ఓటు ఆ కాంట్రాక్టరుకే వేశానురా' అన్నాడు. నేను నవ్వలేదు నాయనా. నమ్మావా బావా అని అడిగాను. 'నమ్మలేదురా' అన్నాడు. మళ్ళీ తనే, 'తగ్గిస్తే బాగుండునని అనిపించింది' అన్నాడు.

ఆ కిటికీ మూసెయ్. దుమ్ము వస్తోంది.