కానుగ చెట్టు తాగిన వాన

మొన్నటి వానలో మీరేం చూశారో ముందు చెప్పండి. రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు, మధ్యలో ఆగిపోయిన క్యాబులు, అంతే కదా? శంషాబాద్‌లో భాగ్యమ్మ చాయ్ డబ్బా దగ్గర నిలబడి ఉంటే ఇంకో ముచ్చట కూడా చూసేవారు.

ఆ సాయంత్రం మబ్బు దిగగానే భాగ్యమ్మ చక్కెర సంచి బల్ల మీదికి ఎత్తింది. పోయినేడాది నుంచి వాన పడితే చాలు, నీళ్లు ఆమె డబ్బాలోకే వస్తున్నాయి. ఇంకొకసారి పొయ్యి ఆరితే ఇక్కడి నుంచి ఎత్తేయడమే అనుకుంటోంది. ఎదురుగా కానుగ చెట్టు కింద, తాను కట్టించిన సిమెంటు గద్దె మీద కూర్చుని ఐలయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఈ కానుగను నాటింది నేనే. గుంత తవ్వి, కందుకూరు నుంచి ఎర్రమట్టి తెచ్చి పోసిన. మొదటి వానకు గీ వాకిట్ల నీళ్లు తాగింది, గంతే. మల్ల ఏడాది ఏమైందో ఎరుకేనా?"

"చెప్పండి ఐలయ్య గారూ," అన్నాడు సత్తిబాబు. క్యాబ్‌కు కిరాయి దొరక్క అతనూ ఖాళీగానే ఉన్నాడు.

"గల్లీ మొత్తం తాగింది. నడుస్తుంటే కాళ్ల కింద గుటగుట చప్పుడు. ఇగ ఆ సంగతి తెలిసి బాలాపూర్ వరద తొవ్వ అడుక్కుంట ఇక్కడికే వచ్చింది. పొద్దుగాల చూస్తే చెట్టు నిండు చూలాలి లెక్క ఉన్నది. కొమ్మ విరిస్తే ధార. ఆ ఎండాకాలం మన గల్లీకి ట్యాంకరే రాలే."

"నేను బిందె పట్టినట్టు యాదికి లేదు," అంది భాగ్యమ్మ.

"నువ్వు ఊర్ల లేవు చెల్లె. ఆ తర్వాత ఇను. మబ్బు కమ్మి విమానానికి దిగే తొవ్వ కనబడుత లేదు. చెట్టు మీద చెయ్యేసి, 'జర తాగు బిడ్డా' అన్న. చెట్టు మబ్బునంతా పీల్చింది. గంత గట్టిగ గుంజేసరికి విమానం సుత కొమ్మల దాకా వచ్చింది. నడిపేటాయన కిటికీల నుంచి నాకు దండం పెట్టిండు. నేనే చాలు అని ఆపిన, లేకుంటే గండిపేట చెరువు ఎండిపోతుండె."

అప్పుడే వాన దంచింది. రోడ్డు నీళ్లు ఉరికొచ్చి గద్దెకు కొట్టుకుని, పక్కకు తిరిగి, నేరుగా డబ్బాలోకి పోయాయి. పొయ్యి సుయ్యిమని ఆరింది. ఐలయ్య కాళ్లు పైకి ముడుచుకున్నాడు.

"చెట్టుకు ఇయ్యాల దూప లేనట్టుంది, తాగుత లేదు," అన్నాడు.

భాగ్యమ్మ బల్ల కింది నుంచి గడ్డపార తీసింది.

"దూప లేక కాదన్నా. మట్టి పోసింది నువ్వే, అప్పట్ల నా డబ్బాలకు చుక్క నీళ్లు రాలే, కాదనను. పోయినేడు కూసోనీకె మొదలు దాకా సిమెంటు పోసి, పేరు చెక్కించుకున్నది సుత నువ్వే. నోరు మూసినంక చెట్టు యాడికెల్లి తాగుతది? ఇగ లే."

సత్తిబాబు చాయ్ గ్లాసు పక్కన పెట్టి చొక్కా చేతులు పైకి మడిచాడు. ఐలయ్య తన పేరు మీద అరచేయి ఆనించాడు. తర్వాత మెల్లగా నీళ్లలోకి దిగాడు.

"పేరున్న తావు జర ఇడిచిపెట్టు చెల్లె."

ఆమె మొదటి పోటు అక్కడే వేసింది.

మరి మీ వాకిట్లో చెట్టు మొదట్లో ఏముంది, మట్టా, సిమెంటా?