మూడు సంపుటాల ఓబుళేశు గారు

1973 జూన్ పదకొండవ తేదీన కడపలోని మా తాగునీటి సరఫరా కార్యాలయంలో టైపిస్టుగా చేరిన శ్రీ ఓబుళేశు గారు, ముప్పై ఆరు సంవత్సరాల నిష్కళంక సేవానంతరం, ఈ 2009 ఆగస్టు ముప్పై ఒకటిన పదవీ విరమణ చేస్తున్నారు. ‘నిష్కళంక’ అన్న మాట కంటబడితే ఆయన కొట్టివేయిస్తారని తెలిసీ రాస్తున్నాం.

టైపు యంత్రాలు అటకెక్కి కంప్యూటర్లు వచ్చినప్పుడు మేమంతా బెదిరిపోతే, ఆయన యాభయ్యవ పడిలో మళ్లీ విద్యార్థి అయ్యారు. 2003లో తాగునీటి ట్యాంకర్ల కోసం మండలాల నుంచి అర్జీలు పంపే వెబ్ అప్లికేషన్ ఏర్పడగా, దానిని ఎలా వాడాలో, చెడితే ఎలా బాగుచేయాలో వివరించే పత్రరచనా భారాన్ని తలకెత్తుకున్నారు. అందరం తప్పించుకున్న పని అది. దానిని ఆయన మూడు సంపుటాలుగా, ఎవరికైనా అర్థమయ్యే తెలుగులో కూర్చారు.

మరుసటి వేసవిలో అప్లికేషన్ మారింది. అర్జీని భద్రపరచాక ‘పంపు’ అనే మీట కూడా నొక్కాలి. ఓబుళేశు గారు అన్ని పుటలూ దిద్దారు గానీ, ఒక్క పుటలో పాత పద్ధతే ఉండిపోయింది. ఆ పుట చూసి పనిచేసిన ఒక మండలంలో అర్జీ కదలలేదు. ఒక పల్లెకు తొమ్మిది రోజులు ట్యాంకరు వెళ్లలేదు. ఆ పల్లె నుంచి గురమ్మ అనే వృద్ధురాలు బస్సెక్కి వచ్చి ఆయన బల్ల ముందు నిలబడింది.

“మండలాఫీసులో కంప్యూటరు కాడుండే ఆయప్ప మీ పుస్తకంలో ఉన్నట్టే చేసినాడంట. మేము వంక ఇసకలో తవ్విన చెలమ నీళ్లు తాగితిమి. నా మనవరాలికి వాంతులై ప్రాణం పోయింది” అంది.

“ఆయప్ప తప్పేం లేదమ్మా. అది రాసినోణ్ణి నేనే” అన్నారు ఓబుళేశు గారు.

విచారణలో ఎవరూ ఆయనను తప్పుపట్టలేదు. ఆయనకు మాత్రం అది ఊరట కాలేదు. అటుపిమ్మట ఏ పుట మార్చినా, మండలానికి వెళ్లి ఆపరేటరు చేత చదివించి, ఎదుటే పని చేయించి చూశాకే సంతకం పెట్టేవారు. బద్వేలు బస్సులో సంపుటాలు ఒళ్లో పెట్టుకొని కునికే ఆయనను చూసి నవ్వుకున్న మాకు ఇప్పుడు సిగ్గేస్తోంది.

2006లో ఆయన పదేళ్ల ప్రణాళిక ఒకటి సమర్పించారు. కొత్త పల్లెల పేర్లు ఎప్పుడు చేర్చాలి, పాత యంత్రాలు ఎప్పుడు మార్చాలి, ఈ పత్రాలను దిద్దడం ఏటేటా ఎవరికి నేర్పాలి అన్నవన్నీ అందులో ఉన్నాయి. ముందు ఈ ఎండాకాలం గట్టెక్కనివ్వమన్నారు పైవారు. మూడు ఎండాకాలాలు గట్టెక్కాయి. ఆ ప్రణాళిక మొదటి పుట దాటలేదు. ఆయన తరువాత ఆ పని చూసేందుకు ఉద్యోగమే లేదని గత నెలలో ఉత్తర్వు వచ్చింది.

ఆ ఉత్తర్వు వచ్చిన నాటి నుంచి ఆయన బల్లబల్లకూ తిరిగారు. ‘ఈ పత్రాల బాధ్యులు’ అన్న చోట తన పేరు కొట్టేసి రాయడానికి ఒక్క పేరు కావాలన్నారు. ఈ వ్యాసం రాస్తున్న శేషన్న దగ్గరికీ వచ్చారు.

“నీ పేరు రాస్తానప్పా. మళ్లీ ఒక పుట తప్పు పోతే చూసేవాళ్లు ఉండరు” అన్నారు.

తీరిక లేదని చెప్పినవాడు శేషన్న. ఆయన నొచ్చుకోలేదు. తన పేరు కిందనే ఇంటి ఫోను నంబరు చేర్చి, మూడు సంపుటాలనూ బీరువాలో సర్దారు.

ఓబుళేశు గారు సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్లు జీవించాలని మా కార్యాలయం మనసారా ఆకాంక్షిస్తోంది. ఇందులో అభిమానం ఎంత ఉందో స్వార్థమూ అంతే ఉంది: ఆయన లేనినాడు ఆ నంబరుకు ఫోను చేస్తే ఎవరు ఎత్తుతారో మాలో ఎవరికీ తెలియదు.